పాత నూక్, పాత కిండిల్: వీటిని ట్యాబ్‌లా వాడుకునే దారి ఉందా?

తాళ్లరేవు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు ఈ-రీడర్లు బీరువాలో ఊరికే పడున్నాయి. ఒకటి నూక్ సింపుల్ టచ్, మా అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉన్నప్పుడు కొన్నది, తిరిగొచ్చేటప్పుడు సామాన్లతో పాటు వచ్చేసింది. రెండోది కిండిల్ పేపర్‌వైట్, 2015 మోడల్. రెండూ ఆన్ అవుతున్నాయి, ఛార్జ్ కూడా ఎక్కుతోంది.

విషయం ఏంటంటే మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఈ మధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది, ఫోన్ కాసేపు చూస్తే చాలు కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయంటారు. కిండిల్ చేతికిస్తే మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి "ఇది హాయిగా ఉందిరా, ఇందులో పేపర్ రాదా?" అని అడిగారు. ఆయనకి కావాల్సినవి మూడే. పొద్దున్నే ఈ-పేపర్, చుట్టాల వాట్సాప్ గ్రూపు, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉండే పాత తెలుగు పుస్తకాల స్కాన్లు. నూక్ లోపల ఉండేది ఆండ్రాయిడేనని, రూట్ చేస్తే, అంటే కంపెనీ వేసిన తాళాలు తీసి పూర్తి అధికారం మన చేతికి తెచ్చుకుంటే, మామూలు ట్యాబ్ అయిపోతుందని ఒక పాత వీడియోలో చూశాను. నిజంగా అవుతుందా? కిండిల్‌కి కూడా అలాంటి పద్ధతి ఏమైనా ఉందా? నాకు లైనక్స్ కమాండ్లు కొంచెం వచ్చు, విప్పి సాల్డరింగ్ చేయడం లాంటివి రావు. నూక్ పోతే పోయింది గానీ కిండిల్ పాడైతే మా అమ్మ ఊరుకోదు, అది అప్పుడప్పుడూ ఆవిడ వాడుతుంది.

బంజారాహిల్స్_బుల్లెట్:
ఎందుకు బ్రో ఈ తలనొప్పి. ఒక మామూలు ట్యాబ్ కొని, బ్రైట్‌నెస్ తగ్గించి, స్క్రీన్ బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి అంకుల్ చేతికిచ్చెయ్. ఆ డబ్బాలో వాట్సాప్ ఓపెన్ అయ్యేలోపు గ్రూపులో పెళ్లి శుభలేఖ వచ్చి పెళ్లి కూడా అయిపోతది.

స్క్రూడ్రైవర్_సుబ్బు:
బుల్లెట్ అన్నా, ఆయన అడిగింది కళ్ల గురించి. బ్లాక్ అండ్ వైట్ చేసినా వెనక లైటు కళ్లల్లోకి కొడుతూనే ఉంటుంది కదా.

తమ్ముడూ, నూక్ సంగతి నేను చెప్తా, అదే మోడల్ నా టేబుల్ మీద ఇప్పటికీ పనిచేస్తోంది. మీరు చూసిన వీడియో అబద్ధమేమీ కాదు, కాకపోతే అది తీసిన రోజులు వేరు. సింపుల్ టచ్ 2011 జూన్‌లో 139 డాలర్లకి వచ్చింది. లోపల ఆండ్రాయిడ్ 2.1, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఓమాప్ 3621 ప్రాసెసర్ 800 మెగాహెర్ట్జ్, 256 ఎంబీ ర్యామ్, కాగితంలా కనపడే 800 బై 600 ఈ-ఇంక్ తెర. అప్పటి చవక ఫోన్లలో ఉండే సరుకే ఇది, అందుకే జనం దాని మీద పడి మెయిలూ ట్విట్టరూ యాంగ్రీ బర్డ్స్ దాకా నడిపించారు.

రూట్ చేయడం నిజంగా తేలికే, దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ మెషీన్‌లో ఒక గొప్ప గుణం ఉంది: ఆన్ చేయగానే ముందు మైక్రో ఎస్‌డీ కార్డు వైపు చూస్తుంది, అందులో బూట్ అయ్యేది ఏదైనా ఉంటే దాంతోనే లేస్తుంది, లేకపోతేనే లోపలి మెమరీకి వెళ్తుంది. అంటే లోపలున్నది మనం ఎంత చెడగొట్టినా కార్డు పెట్టి మళ్లీ నిలబెట్టొచ్చు. నూక్‌మేనేజర్ అనే ఇమేజ్ దొరుకుతుంది, దాన్ని కంప్యూటర్లో కార్డు మీదకి రాసి, నూక్‌ని పూర్తిగా ఆఫ్ చేసి, కార్డు పెట్టి ఆన్ చేస్తే తెర మీదే మెనూ వస్తుంది. అందులో మొదట బ్యాకప్, తర్వాతే రూట్. బ్యాకప్ వద్దులే అని దాటేయొద్దు. లోపల ఒక చిన్న పార్టిషన్‌లో ఆ మెషీన్ సీరియల్ నంబరు, వై-ఫై అడ్రసు లాంటివి ఉంటాయి, అవి ఇంకో నూక్ నుంచి తెచ్చి వేసుకునేవి కావు.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. రూట్ అయ్యాక లాంచర్, అంటే ఫోన్లో ఉండే హోమ్ స్క్రీన్ లాంటిది, కనపడుతుంది, యాప్స్ ఐకాన్లు కనపడతాయి, భలే సంతోషం వేస్తుంది. ఆ తర్వాత బ్రౌజర్ తెరుస్తారు, అక్కడ మొదలవుతుంది. 2.1లో ఉన్న టీఎల్‌ఎస్, అంటే సైట్లతో భద్రంగా మాట్లాడే పద్ధతి, ఎప్పటిదో, 1.0 వెర్షన్. ఇప్పుడు సైట్లన్నీ కనీసం 1.2 అడుగుతాయి. మన పేపర్ల సైట్లే కాదు, చిన్నాచితకా బ్లాగులు కూడా "కనెక్షన్ కుదరలేదు" అని మొహం మీదే తలుపేస్తాయి. గూగుల్ వాళ్లు 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకన్నా పాతవాటిలో లాగిన్ పూర్తిగా ఆపేశారు. కాబట్టి ప్లే స్టోర్ లేదు, జీమెయిల్ లేదు. వాట్సాప్ సంగతి సరేసరి, ఆండ్రాయిడ్ 4 కాలం ఫోన్లనే వాళ్లు ఎప్పుడో వదిలేశారు.

తెలుగు ఇంకో తంటా. 2.1లో తెలుగు ఫాంటే లేదు, అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. ఫాంటు ఎక్కించినా అక్షరాలని కలిపి గుణింతం, ఒత్తు కట్టే పద్ధతి ఆ సిస్టమ్‌కి రాదు. "స్త్రీ" అన్న మాట స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లులతో, చివర గుడి దీర్ఘం ఒంటరిగా కనపడుతుంది. మాస్టారు చూస్తే ఎర్ర పెన్ను తీస్తారు.

సౌండు లేదు, స్పీకర్ లేదు, కెమెరా లేదు, బ్లూటూత్ లేదు. తెరకి లైటు కూడా లేదు. టచ్ మాత్రం సరదాగా ఉంటుంది, అది తెర మీద పని చేసేది కాదు, అంచుల్లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అటూ ఇటూ పోతుంటాయి, వేలు అడ్డం వస్తే నొక్కినట్టు లెక్క. పెన్సిల్ తోక పెట్టినా పనిచేస్తుంది. అంచు మూల దుమ్ము చేరితే మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే పేజీలు తిరిగిపోతుంటాయి, మెత్తటి బ్రష్‌తో ఆ గాడి వెంట ఒకసారి తుడిస్తే సరిపోతుంది.

డాలస్_దోసె:
సుబ్బు గారు చెప్పింది కరెక్ట్. ఆ వీడియోల్లో సగం నిజానికి నూక్ కలర్‌వి అయ్యుంటాయి, రెండూ కలిపేసి చూస్తారు జనం. నూక్ కలర్ 2010 నవంబర్‌లో 249 డాలర్లకి వచ్చింది, అప్పుడు ఐప్యాడ్ 499. అది ఎల్‌సీడీ, 7 అంగుళాలు, 512 ఎంబీ ర్యామ్. సయనోజెన్‌మోడ్ 7 అని బయటివాళ్లు మార్చి తయారుచేసిన ఆండ్రాయిడ్ ఉండేది, అది కార్డు మీద వేసుకుని దాన్ని నిజమైన ట్యాబ్‌లాగే వాడాం, ఇక్కడ మన స్టూడెంట్స్ చాలామంది దగ్గర అదే ఉండేది, ఐప్యాడ్ కొనే డబ్బులు ఎవరి దగ్గరున్నాయి అప్పుడు. ఈ-ఇంక్ నూక్ మీద అలా కుదరదు. ప్రాసెసర్ కుటుంబం అదే, తెర వేరు.

తాళ్లరేవు_కుర్రాడు:
అమ్మో, చాలా వివరంగా చెప్పారు సుబ్బన్నా, థాంక్స్. అంటే నూక్ వాట్సాప్‌కి పనికిరాదు, ఒప్పుకున్నా. కానీ తెర ఎందుకంత అడ్డం అవుతుందో అర్థం కాలేదు. స్లోగా ఉన్నా పర్లేదు అనుకుంటే? నాన్నగారికి తొందరేం లేదు.

ఇంకోటి, కిండిల్ సంగతి ఎవరైనా చెప్తారా?

స్క్రూడ్రైవర్_సుబ్బు:
తెర గురించి చెప్తా. ఈ-ఇంక్ తెర నిండా వెంట్రుక మందం క్యాప్సూల్స్ ఉంటాయి, వాటిలో తెల్లవీ నల్లవీ రేణువులు, ఒకదానికి ప్లస్ ఛార్జ్ ఒకదానికి మైనస్. కరెంటు దిశ మారిస్తే ఒకటి పైకి తేలుతుంది, ఇంకోటి కిందికి దిగుతుంది. ద్రవంలో రేణువు కదలాలి కాబట్టి టైం పడుతుంది. 16 బూడిద ఛాయలతో పేజీ మొత్తం శుభ్రంగా మార్చాలంటే దాదాపు 450 మిల్లీసెకన్లు. ఏ2 అని ఒక వేగం మోడ్ ఉంది, 120 మిల్లీసెకన్ల చిల్లర, కానీ అందులో నలుపు తెలుపు తప్ప మధ్య ఛాయలుండవు, పైగా పాత బొమ్మ నీడ కింద మిగిలిపోతూ ఉంటుంది. రూట్ చేసిన నూక్‌లో స్క్రోలింగ్ కోసం వాడే ఫాస్ట్ మోడ్ యాప్స్ అన్నీ ఈ ఏ2నే బలవంతంగా ఆన్ చేస్తాయి.

పుస్తకం అయితే నిమిషానికో పేజీ తిప్పుతాం, అరసెకను ఎవరికీ తెలియదు. ఆండ్రాయిడ్ యాప్ అలా కాదు, వేలితో లాగితే సెకనుకి 60 సార్లు తెర మారుతుందని నమ్మి రాసింది. తిరిగే చక్రం, జారే మెనూ, మెరిసే బటన్, ప్రతిదానికీ తెర ఒకసారి మినుకుమంటుంది. ఈ-పేపర్ పేజీ జూమ్ చేసి పక్కకి జరిపారనుకోండి, ఎక్కడ ఆగిందో కనపడేలోపు ఇంకో రెండు కాలమ్స్ దాటిపోతుంది. నాన్నగారికి ఓపికున్నా, మళ్లీ కళ్లకే శ్రమ.

బ్యాటరీ కూడా దీనికే ముడిపడి ఉంది. నూక్‌లో ఉన్నది 1530 ఎంఏహెచ్, చిన్నది. ఈ-రీడర్ వారాల తరబడి వచ్చేది పేజీకీ పేజీకీ మధ్య ప్రాసెసర్ నిద్రపోతుంది కాబట్టి. వెనకాల సింక్ చేసే యాప్ ఒక్కటి పెట్టినా అది నిద్రపోనివ్వదు, వారాల లెక్క పోయి రోజుల లెక్క వస్తుంది.

ఇంకుపురుగు:
కిండిల్ గురించి నేను చెప్తానండి. ముందుగా ఒకటి: కిండిల్‌లో ఆండ్రాయిడ్ లేదు. లోపల లైనక్సే, కానీ పైన అమెజాన్ సొంత సాఫ్ట్‌వేర్. కాబట్టి రూట్ చేసినా, ఇక్కడ దాన్ని జైల్‌బ్రేక్ అంటారు, ఏపీకే ఫైల్ పెట్టి యాప్ ఇన్‌స్టాల్ చేయడం అనే మాటే ఉండదు. వాట్సాప్ ఆశ వదిలేయండి. అందులో ఉన్న బ్రౌజర్ కూడా వాట్సాప్ వెబ్ తెరవదు.

అయినా మీ నాన్నగారి పనికి నూక్ కన్నా ఇదే మేలు అని గట్టిగా చెప్తాను. మీ 2015 పేపర్‌వైట్‌లో 512 ఎంబీ ర్యామ్, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, అంగుళానికి 300 చుక్కల తెర ఉంది. నూక్‌లో 167 మాత్రమే. తెలుగుకి ఈ తేడా చాలా పెద్దది, ఒత్తులన్నీ చిన్న చిన్న గీతలే కదా. ముందు వైపు నుంచి పడే లైటు కూడా ఉంది.

జైల్‌బ్రేక్ పద్ధతి: 2025 జనవరిలో వింటర్‌బ్రేక్ అని ఒకటి వచ్చింది. 5.18.1 కన్నా పాత ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్నవాటికి పనిచేస్తుంది, ఆ వెర్షన్‌తో అమెజాన్ ఆ కన్నం పూడ్చేసింది. మీది అదృష్టం, 2015 మోడల్‌కి అప్‌డేట్లు 5.16 దగ్గరే ఆగిపోయాయి. కొత్త కిండిల్ ఉన్నవాళ్లు ఏ రాత్రి అప్‌డేట్ పడుతుందో అని కాపలా కాస్తుంటారు, మీకు ఆ గొడవ లేదు. పద్ధతి కూడా కష్టం కాదు: కిండిల్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కేబుల్ కలిపి ఫైళ్లు కాపీ చేసి, తర్వాత అందులోని స్టోర్ తెరిస్తే అక్కడి నుంచి నడుస్తుంది. కిండిల్ ఏదో ఒక అమెజాన్ అకౌంట్‌కి రిజిస్టర్ అయి ఉండాలి. అది అయ్యాక జైల్‌బ్రేక్ ఊడిపోకుండా నిలబెట్టే హాట్‌ఫిక్స్ అనే ఫైలు వేయాలి, తర్వాత ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసే చిన్న స్క్రిప్ట్ నడపాలి, ఆ తర్వాతే మిగతా సరంజామా. ఈ వరస మార్చకండి.

అమ్మగారి పుస్తకాలకి ఏమీ కాదు. మామూలు కిండిల్ స్క్రీన్ అలాగే ఉంటుంది. కావాలనుకున్నప్పుడు కువల్ అనే మెనూలోంచి కేఓరీడర్ అనే పుస్తకాలు చదివే ప్రోగ్రామ్ తెరుచుకోవచ్చు, అక్కర్లేనప్పుడు మూసేసి మళ్లీ అమెజాన్ వైపు రావచ్చు. మొత్తం పనికి అసలు ఫలం ఈ కేఓరీడరే. ఈపబ్, పీడీఎఫ్, డీజేవీయూ మూడూ చదువుతుంది, అంచులు తనే కత్తిరిస్తుంది, డిక్షనరీ పెట్టుకోవచ్చు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (సైట్లు తమ కొత్త వార్తలు వరసగా పెట్టే జాబితా) నుంచి వార్తలు దింపి పుస్తకంలా కడుతుంది, చివరికి ఒక టెర్మినల్ కూడా ఉంది. ట్యాబ్ అనలేం గానీ, తెరిచి చూస్తే ఇన్ని పనులు ఇందులో ఉన్నాయా అనిపిస్తుంది.

పేపర్ విషయంలో మాత్రం ఈ-పేపర్ అనే ఆలోచన మానుకోండి. ప్రింటు పేజీ బొమ్మని 6 అంగుళాల తెర మీద చూడటం ఏ మెషీన్ మీదైనా శిక్షే. దానికి బదులు వార్తల టెక్స్ట్ తెప్పించండి. బీబీసీ తెలుగుకి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఉంది, ఫీడ్ ఉన్న ఇంకే సైటైనా కలుపుకోవచ్చు. కంప్యూటర్ రోజూ ఆన్‌లో ఉండే ఇల్లయితే ఈ-బుక్స్ తయారుచేసే క్యాలిబర్ సాఫ్ట్‌వేర్‌లో టైం పెట్టి ఉంచితే పొద్దున కాఫీ వేళకి పుస్తకం తయారుగా ఉంటుంది.

బంజారాహిల్స్_బుల్లెట్:
కిండిల్ మీద మొత్తం లైనక్స్ డెస్క్‌టాప్ పెట్టినోళ్లున్నారు కదా? నేను చూశిన, క్రోమియం కూడా నడుస్తుంది. మరి వాట్సాప్ వెబ్ దాంట్లో ఓపెన్ చేస్తే?

ఇంకుపురుగు:
ఉన్నారు. ఆల్పైన్ లైనక్స్‌ని కిండిల్ మీద ఒక పెద్ద ఇమేజ్ ఫైల్‌లో పెట్టి క్రూట్‌లో, అంటే కిండిల్ సిస్టమ్ లోపలే విడి గదిలా, నడుపుతారు, డెస్క్‌టాప్ వస్తుంది, క్రోమియం లేస్తుంది. నేనూ వేసి చూశాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టడానికి చాలా బాగుంటుంది. 512 ఎంబీలో ఇప్పటి వెబ్ పేజీ ఒకటి తెరిచాక మిగిలేది ఏమీ ఉండదు బుల్లెట్ గారూ, వాట్సాప్ వెబ్‌లో ఒక గుడ్‌మార్నింగ్ వీడియో వచ్చిందంటే మొత్తం బిగుసుకుపోతుంది. చిన్న కీబోర్డు బొమ్మ మీద తెలుగులో టైప్ చేయడం ఇంకో నరకం. 68 ఏళ్లో 70 ఏళ్లో ఉన్న మనిషికి ఇచ్చే వస్తువు కాదది.

ఒత్తులపిచ్చి:
తెలుగు చదవడానికి అన్నారు కాబట్టి నాకు తెలిసింది చెప్తా, ఈ విషయంలో నాకు కొంచెం చాదస్తం.

అమెజాన్ 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు కిండిల్‌లోకి తెచ్చింది. తెలుగు ఆ జాబితాలో లేదు. ఇన్ని కోట్లమందిమి ఉండి ఇదేం ఖర్మ అని అప్పట్లో తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. అందుకే తెలుగువాళ్లకి కిండిల్ అంటే సగం ఇంగ్లీషు మెషీన్. కేఓరీడర్ ఆ లోటు తీరుస్తుంది, అందులో అక్షరాలని కలిపి కట్టే హార్ఫ్‌బజ్ ఉంది, గుణింతాలూ సంయుక్తాక్షరాలూ కంప్యూటర్లో ఎలా వస్తాయో అలాగే కలుస్తాయి. మీరు చేయాల్సిందల్లా కేఓరీడర్ ఫాంట్స్ ఫోల్డర్‌లో మంచి తెలుగు ఫాంటు పడేయడం.

ఏ ఫాంటు అన్నది మాత్రం చూసుకోవాలి. ఈ-ఇంక్ మీద సన్నగీత ఫాంట్లు పనికిరావు, బూడిదరంగులో తేలిపోతాయి. మండలి బాగుంటుంది, నోటో సెరిఫ్ తెలుగు కూడా, కాకపోతే దాన్ని ఒక మెట్టు లావు చేయండి, కేఓరీడర్ అడుగు మెనూలో ఫాంట్ బరువు పెంచే అడ్జస్ట్‌మెంట్ ఉంది. లైన్ల మధ్య ఎడం తప్పకుండా పెంచండి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం పెడితే పై లైన్లో "రాష్ట్రం" ఉన్నచోట దాని కింది ఒత్తులు వచ్చి కింది లైన్లో గుడి మీద కూర్చుంటాయి. మాస్టారికి శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి సైజు ఎలాగూ పెద్దదే పెడతారు, ఎడం కూడా దానికి తగ్గట్టు పెట్టండి.

ఇక స్కాన్లు. ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవే. అక్కడ దొరికే పీడీఎఫ్ నేరుగా కిండిల్‌లో వేస్తే పేజీ తిరగడానికి ప్రాణం విసుగెత్తుతుంది. కిండిల్ తప్పు కాదది. చాలా పీడీఎఫ్‌లలో బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి, పొరలు పొరలుగా ఉంటాయి, వాటిని విప్పడం ఇలాంటి ప్రాసెసర్‌కి బరువైన పని. నేను చేసేది ఏంటంటే పుస్తకాన్ని కంప్యూటర్లో పేజీలుగా విడదీసి స్కాన్‌టైలర్‌లో వేస్తాను. అది వంకర సరిచేస్తుంది, అంచుల్లో నల్లటి మరకలూ లైబ్రరీ ముద్రలూ తీసేస్తుంది, పేజీని పూర్తి నలుపు తెలుపు చేస్తుంది. మళ్లీ పీడీఎఫ్ కట్టాక ఫైలు బాగా చిన్నదైపోతుంది, పేజీ టక్కున తిరుగుతుంది. పాత అచ్చు వెలిసిపోయి ఉంటే నలుపు స్థాయి ఒక పిసరు పెంచండి, మరీ పెంచితే "ప"కీ "వ"కీ తేడా పోతుంది, "ష" పొట్టలో గీత పూడిపోతుంది. మొదటి పుస్తకానికి గంట పట్టొచ్చు, చేయి తిరిగాక అంత ఉండదు.

డెమ్మీ సైజు పుస్తకమైతే అంచులు కోసేశాక 6 అంగుళాల్లో చదవగలిగేంతే ఉంటుంది. ఇంకా చిన్నగా అనిపిస్తే అడ్డంగా తిప్పి పెట్టుకుని పేజీని రెండు మూడు భాగాలుగా చదవడమే.

గచ్చిబౌలి_గుడ్లగూబ:
ఇంత కథ ఎందుకు, బూక్స్ కొనండి. ఓనిక్స్ అనే చైనా కంపెనీది, ఈ-ఇంక్ తెర మీద మామూలు ఆండ్రాయిడ్. ప్లే స్టోర్ ఉంటుంది, వాట్సాప్ వస్తుంది, తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. రూట్ లేదు జైలు లేదు. నా దగ్గర పాల్మా ఉంది, ఫోన్ సైజులో ఉంటుంది, దాని మీదే ఈ రిప్లై టైప్ చేస్తున్నా.

ఇంకుపురుగు:
గుడ్లగూబ గారూ, కొనగలిగితే అదే సరైన సమాధానం, కాదనను. కానీ ఆయన ఇంట్లో ఉన్నవాటితో అయ్యేది అడిగారు. పైగా బూక్స్ కొన్నా సుబ్బు గారు చెప్పిన తెర గొడవ పూర్తిగా పోదు కదా, తగ్గుతుంది అంతే.

గచ్చిబౌలి_గుడ్లగూబ:
అది నిజమే. ప్రతి యాప్‌కీ వేరే రిఫ్రెష్ మోడ్ పెట్టుకోవాలి, చదివేదానికి ఒకటి, వాట్సాప్‌కి ఇంకోటి. ఆ సెట్టింగులు ఎవరైనా ఒకసారి కూర్చుని పెట్టిస్తే పెద్దవాళ్లు ఇబ్బంది లేకుండా వాడతారు. వీడియోలు చూడాలంటే మాత్రం ఫోనే. ఛార్జింగ్ కూడా కిండిల్‌లా వారాలు రాదు, వై-ఫై ఆన్‌లో ఉంచితే ఇంకా తొందరగా దిగుతుంది. మా మామయ్యకి ఒకటి ఇచ్చాం, ఆయన వాట్సాప్ మెసేజీలు చదవడం అందులో, ఫోటోలు చూడటం ఫోన్లో. ఎవరూ చెప్పకుండా ఆయనే అలా విడగొట్టుకున్నాడు.

నల్లతెర_నాగు:
నూక్ గురించి అందరూ చేతులెత్తేశారు కాబట్టి నేనొక మాట. ట్యాబ్ అవ్వదు సరే, కానీ రూట్ చేసిన సింపుల్ టచ్ పారేసే వస్తువు కాదు. ఇంటర్నెట్ వదిలేసి ఇంటి నెట్‌వర్క్‌లో మాత్రమే వాడండి. టీఎల్‌ఎస్ గొడవంతా బయటి సైట్లతోనే, ఇంట్లో మన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే పేజీకి మామూలు హెచ్‌టీటీపీ చాలు.

నా దగ్గర జరిగేది ఇది. పై మీద ఒక చిన్న స్క్రిప్ట్ గంటకోసారి 600 బై 800 బూడిదరంగు బొమ్మ తయారు చేస్తుంది, అందులో తేదీ, తిథి, ఉష్ణోగ్రత, వర్షం సూచన, ఇంట్లో ఎవరికి ఏ మందు ఎప్పుడో, ఆ రోజు పనులు ఉంటాయి. నూక్ దాన్ని తెచ్చుకుని తెర మీద పెట్టి మళ్లీ నిద్రపోతుంది. తెలుగు అక్షరాలు పై మీదే బొమ్మగా మారిపోయి వస్తాయి కాబట్టి సుబ్బు అన్న చెప్పిన డబ్బాల సమస్య రాదు. కరెంటు పోయినా తెర మీద ఉన్నది అలాగే ఉంటుంది, ఈ-ఇంక్ కదా. వంటింట్లో ఫ్రిజ్ పక్కన తగిలించా, మా ఆవిడ మొదట నవ్వింది, ఇప్పుడు వై-ఫై పోయి అది మారకపోతే ముందు అడిగేది తనే.

ఇదే ఉపాయంతో వార్తల హెడ్‌లైన్లు కూడా పెట్టొచ్చు. నూక్ పక్క బటన్లని రూట్ చేశాక మనకి కావాల్సిన పనికి మార్చుకోవచ్చు, ఒకటి ముందు పేజీ, ఒకటి వెనక పేజీ. పెద్దవాళ్లకి టచ్ కన్నా నొక్కే బటనే ఇష్టం, నేను చూసినంతలో.

రాత్రిళ్లు ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ (ఇంకో కంప్యూటర్‌కి భద్రంగా కమాండ్లు పంపే యాప్) పెట్టుకుని ఇంటి సర్వర్ లాగ్స్ కూడా చూస్తా. ఇప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్లు 8.8 వెర్షన్ నుంచి పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలని, అంటే పాత తరహా గుర్తింపు పద్ధతిని, మామూలుగా ఒప్పుకోవు, సర్వర్ సెట్టింగుల్లో వాటిని విడిగా అనుమతించాలి. ఇంటి లోపల వరకే ఆ పని చేయండి, బయటికి తెరిచి ఉన్న సర్వర్‌లో వద్దు.

స్క్రూడ్రైవర్_సుబ్బు:
నాగూ, ఆ స్క్రిప్ట్ ఇక్కడ పెట్టరాదూ. ఒకమాట కలుపుతా: ఏళ్లుగా బీరువాలో ఉన్న నూక్ కాబట్టి ముందు వెనక వైపు చేత్తో తడిమి చూడండి, ఉబ్బినట్టు అనిపిస్తే ఛార్జింగ్ పెట్టొద్దు, గోడకి తగిలించొద్దు. బ్యాటరీ మార్చాకే మిగతాది.

తాళ్లరేవు_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్, నిజంగా ఇంత వస్తుందనుకోలేదు. నూక్ వెనక భాగం సమంగానే ఉంది, చూశాను. ఇలా చేద్దామనుకుంటున్నా: కిండిల్‌కి వింటర్‌బ్రేక్, కేఓరీడర్, మండలి ఫాంటు. స్కాన్లు ముందు ఒక పుస్తకం శుభ్రం చేసి చూస్తా. వార్తలకి ఆర్‌ఎస్‌ఎస్. నూక్ సంగతి నాగు గారి పద్ధతిలో, పై కొన్నాక. వాట్సాప్ గురించి నాన్నగారికి చెప్పాను, "పోనీలే, ఆ గ్రూపు లేకపోతే కళ్లతో పాటు బుర్ర కూడా బాగుపడుతుంది" అన్నారు.

రెండు సందేహాలు. నూక్‌కి 64 జీబీ కార్డు ఉంది, అది పనికొస్తుందా? కిండిల్‌లో వార్తలు దింపడానికి వై-ఫై ఆన్ చేస్తే అమెజాన్ మళ్లీ ఏమైనా చేస్తుందా?

నల్లతెర_నాగు:
నూక్ 32 జీబీ వరకే తీసుకుంటుంది, అదీ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. నూక్‌మేనేజర్‌కి ఇంట్లో ఉండే ఏదో చిన్న పాత కార్డు చాలు, కాకపోతే బ్యాకప్ కూడా అందులోనే పడుతుంది కాబట్టి 4 జీబీ కన్నా తక్కువది వద్దు.

ఇంకుపురుగు:
అప్‌డేట్లు ఆపే స్క్రిప్ట్ నడిపాక వై-ఫై ఆన్ చేసుకోవచ్చు, అంతకుముందు మాత్రం స్టోర్ తెరవాల్సిన ఆ కాసేపు తప్ప ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకండి. ఎందుకైనా మంచిది, వార్తలు దిగాక మళ్లీ ఆఫ్ చేయమనండి, ఛార్జింగ్ కూడా మిగులుతుంది. ఇంకో సంగతి, కేఓరీడర్‌లో పై అంచు మీద వేలు పెడితే మెనూ వస్తుంది, పెద్దవాళ్లు పట్టుకోవడంలో అది పదే పదే తగులుతుంది. సెట్టింగుల్లో ఆ టచ్ తీరు మార్చి, తెర కుడివైపూ ఎడమవైపూ పేజీ తిప్పడానికే ఎక్కువ జాగా ఉండేలా పెట్టి ఇవ్వండి.

బంజారాహిల్స్_బుల్లెట్:
ఒత్తులపిచ్చి గారూ, ఆ స్కాన్‌టైలర్ విండోస్‌ల నడుస్తదా? మా తాత పుస్తకాలు కొన్ని స్కాన్ చేసి ఉన్నయ్ నా దగ్గర, ఊరికే అడుగుతున్నా.

ఒత్తులపిచ్చి:
నడుస్తుంది, లైనక్స్‌లో కూడా. స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ అనేది తీసుకోండి. పేజీలు టిఫ్‌గా ఉంటే నేరుగా తీసుకుంటుంది, స్కాన్ చేసేటప్పుడే 300 డీపీఐ ఉంటే మంచిది, ఉన్నవి అంతకన్నా తక్కువైతే మొదట్లో అడుగుతుంది, అక్కడ మాత్రం నిజం నంబరే చెప్పండి.